లైన్లోకి ముందు ఎవరు రావాలి

రాస్తున్నావా హేమా? అయితే ముందు ఇది రాయి. నేను ముప్పై నాలుగేళ్ళు కౌలాలంపూర్‌లో ఒక తోటల కంపెనీ హెడ్డాఫీసులో టెలిఫోన్ బోర్డు ముందు కూర్చున్నాను. ఎప్పుడు చేరానో, జీతం ఎప్పుడు పెరిగిందో, రిటైరైన రోజు ఏ రంగు గడియారం ఇచ్చారో, అవన్నీ వదిలేయ్. ఎవరికీ పనికిరావు.

వచ్చే సోమవారం నువ్వు సైబర్‌జయలో ఉద్యోగంలో చేరుతున్నావు. ఇంగ్లండు నుంచి కస్టమర్లు ఫోన్ చేస్తే నువ్వు ఇక్కడ కూర్చుని జవాబు చెప్పాలి. ఆఫీసులో నీ పేరు హేమ కాదట, ఎమ్మా అట. దానికి మీ అమ్మ కోప్పడింది. నేను కోప్పడలేదు. పేరు యూనిఫాం లాంటిది, సాయంత్రం విప్పి కొక్కేనికి తగిలించి రావచ్చు. గొంతు అలా కాదు. అందుకే కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

"మామ్మా, స్లోగా సెప్పు లాహ్! ఈ ఒత్తులు రాయడం కష్టం" అంటోంది ఇది. ఈ 'లాహ్' ఇక్కడ అందరి మాట చివరా తగులుకునేదే. తెలుగు సంఘం వాళ్ళ ఆదివారం క్లాసులో నేర్చుకున్న అక్షరాలు. నేను మా తోట తెలుగులో చెప్తాను, ఇది టీచరు నేర్పిన తెలుగులోకి సర్దుకుంటుంది.

ముప్పై నాలుగేళ్ళలో నేను ఎన్ని ఫోన్లు కలిపానో లెక్క లేదు. ఒక్క ఫోన్ మాత్రం కలపలేదు. అది మా అయ్యది. అయ్య అంటే మా నాన్న. ఆయన ఫోన్ చేస్తే ఎవరో తెలియనట్టు మాట్లాడి పంపేశాను. అవతల ఉన్నది నేనేనని ఆయనకు తెలిసిందా, తెలియలేదా? ఆ ఒక్క ప్రశ్న పదమూడేళ్ళు నాతోపాటే ఆఫీసుకు వచ్చి, నాతోపాటే ఇంటికి వెళ్ళింది.

అద్దం కింద జాబితా

బోర్డు అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు. పియానో అంత బల్ల, దాని నిండా రంధ్రాలు, తీగలు, మీటలు. ఇద్దరు మాట్లాడుకోవాలంటే నేను తీగ లాగి గుచ్చాలి, మీట నొక్కాలి. అది వారంలో వచ్చేసింది. రానిది ఇంకొకటి ఉంది: ఎవరు ముందు లైన్లోకి రావాలి?

తెల్లదొరల ఆఫీసులో పద్ధతి ఇది. చిన్నవాడు ముందు లైన్లోకి వచ్చి రిసీవరు చెవికి పెట్టుకుని కనిపెట్టుకుని ఉండాలి. పెద్దవాడు తరువాత వస్తాడు. పెద్దవాడు "హలో" అనేసరికి అవతల మనిషి సిద్ధంగా ఉండాలి. పొరపాటున పెద్దవాణ్ణి ముందు పెట్టావో, ఆ రోజు నీ పని అయిపోయినట్టే.

మరి ఎవరు ఎవరికంటే పెద్ద? దానికి బోర్డు మీద అద్దం కింద ఒక టైపు కాగితం ఉండేది. మొదట మేనేజింగ్ డైరెక్టరు, ఆ తరువాత ఆయన భార్య, ఆ తరువాత డైరెక్టర్లు, వాళ్ళ భార్యలు, అలా కిందికి. మొత్తం ఇరవై ఏడు పేర్లు. అట్టడుగున మనవాళ్ళలో ఒకే ఒక్కడు, చీఫ్ క్లర్కు. ఆ కాగితం టైపు చేసినావిడ మిసెస్ హార్ట్లీ. ఇంగ్లీషావిడ, ఆఫీసు సూపరింటెండెంటు, నా బాసు. నేను చేరిన రోజే, "సత్యా, తీగలు తరువాత నేర్చుకో. ముందు ఇది బట్టీ పట్టు" అంది.

జాబితా కూడా తేల్చలేని చిక్కు ఒకటుంది. ఇద్దరు డైరెక్టర్లు సరిసమానం. వాళ్ళిద్దరూ మాట్లాడుకోవాలంటే సెక్రటరీలు కొట్టుకునేవాళ్ళు.

"ముందు మీ బాస్‌ను పెట్టు లాహ్."

"మా బాస్ లైన్లోనే ఉన్నారు."

"ఉంటే ఏదీ, గొంతు వినిపించదే?"

"ముందు మీ బాస్‌ను ఒకసారి దగ్గమను, అప్పుడు వినిపిస్తుంది."

నేను ఒక ఉపాయం కనిపెట్టాను. ఇద్దరికీ "అవతల వారు కనిపెట్టుకుని ఉన్నారు" అని చెప్పి, రెండు మీటలూ ఒకేసారి ఎత్తేసేదాన్ని. ఇద్దరూ ఒక్కసారే హలో అనేవాళ్ళు. ఇద్దరూ తానే పెద్ద అనుకుని సంతోషంగా మాట్లాడుకునేవాళ్ళు. ఈ ఉపాయం నీకూ ఎక్కడో పనికొస్తుంది, గీత గీసి పెట్టుకో.

తెల్లవాళ్ళలో మెట్లు

తోటలో పెరిగినప్పుడు నాకు తెల్లవాళ్ళంతా ఒక్కటే. గుట్ట మీద బంగళా, దాని కింద స్టాఫ్ క్వార్టర్లు, ఇంకా కింద కూలీలకు వరసగా కట్టిన మా లైన్ ఇళ్ళు. బంగళాలో ఉన్నవాడు దొర, అంతే.

బోర్డు ముందు కూర్చున్నాక తెలిసింది, దొరల్లోనూ బంగళా వాళ్ళున్నారు, లైన్ వాళ్ళున్నారని. ముఖం చూస్తే తెలియదు, అందరూ ఎర్రగా ఎండలో కమిలి ఉండేవాళ్ళే. నోరు విప్పితే తెలిసిపోతుంది. ఏ బడిలో చదివాడు, తండ్రి ఏం చేసేవాడు, రాత్రి భోజనాన్ని డిన్నరంటాడా, టీ అంటాడా, అన్నీ గొంతులో ఉండేవి.

మిస్టర్ డంకన్ అని చీఫ్ ఇంజనీరు. స్కాట్లండు మనిషి. వాళ్ళ నాన్న ఓడలు కట్టే చోట కూలీ. ఏ ఫ్యాక్టరీలో ఏ మిషను ఆగినా ఈయన వెళ్తేనే తిరిగేది. ఒకసారి కొత్తగా ఒక అసిస్టెంటు వచ్చాడు, ఇరవై రెండేళ్ళవాడు. కొబ్బరి చెట్టుకూ పామాయిలు చెట్టుకూ తేడా తెలియదు. కానీ తండ్రికి అక్కడేదో బిరుదు ఉందట. వారం తిరిగేసరికి జాబితాలో వాడి పేరు డంకన్ పైకి ఎక్కింది. మిసెస్ హార్ట్లీ స్వయంగా వచ్చి కాగితం మార్చింది.

డంకన్ నా బోర్డు దగ్గరికి వచ్చి తలుపుకు ఆనుకుని నవ్వాడు. "పరవాలేదు సత్యా. నన్నే ముందు పెట్టు. మా ఇంట్లో అందరం కనిపెట్టుకుని ఉండేవాళ్ళమే."

ఆ ఏడు దీపావళికి ఇంటికి వెళ్ళినప్పుడు అయ్యకు ఇది చెప్పాను. ఆయన అన్నం కలుపుతూ ఆగిపోయాడు.

"తెల్లోల్లకి కూడా లైన్ ఇళ్ళు ఉన్నాయేటే?"

"ఉన్నాయి అయ్యా. మనకి కనపడవు, అంతే."

"మరి ఆల్లు ఎవుల్ని సూసి సైకిలు దిగుతారే?"

ఈ సైకిలు సంగతి చెప్పాలి. మా తోటలో పద్ధతి ఏమిటంటే, మేనేజరు దొర కారు ఎదురైతే కూలీలు సైకిలు దిగి, పక్కకు జరిగి, తల వంచుకుని నిలబడాలి. నాకు ఏడేళ్ళప్పుడు అయ్య నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని వెళ్తున్నాడు. కారు వచ్చింది. అయ్య గబుక్కున దిగిపోయాడు. నేను కడ్డీ మీదే వేలాడుతూ "అయ్యా, అయ్యా, దించు" అని పిలిచాను. ఆయన పలకలేదు. నావైపు చూడనైనా లేదు. నేను ఎవరి పిల్లనో అన్నట్టు నిలబడ్డాడు. కారు వెళ్ళి, దుమ్ము అణిగాక నన్ను దించి, ఏమీ జరగనట్టు "ఆకలేస్తందా?" అన్నాడు. నేను ఏడ్చాను. ఎందుకో ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

నేను ఆడిన అబద్ధం

ఒక నిజం రాయి హేమా. మా నాన్న ఎవరని ఆ ఆఫీసులో ఒక్క తెల్లవాడూ నన్ను అడగలేదు. వాళ్ళకు మేమంతా ఒక్కటే. అడిగింది మనవాడే. చేరిన మొదటి వారం చీఫ్ క్లర్కు కళ్ళజోడు పైనుంచి చూసి అడిగాడు.

"ఏ ఎస్టేటమ్మా మీది?"

"హుటాన్ మెలింటాంగ్ దగ్గర, సార్."

"నాన్న స్టాఫా, లైన్సా?"

మా అయ్య కొబ్బరికాయల పీచు వలిచేవాడు. పొద్దున నుంచి సాయంత్రం దాకా నేలలో పాతిన ఇనుప మొన మీద కాయను గుచ్చి తిప్పడమే. అరచేతులు చెక్కలా ఉండేవి. ఆయన లైన్స్.

"స్టాఫ్ సార్. కిరాణి" అన్నాను. మా వైపు గుమాస్తాను కిరాణి అంటారు.

"ఆఁ, అనుకున్నాను. మాట తీరులోనే తెలుస్తుంది" అన్నాడు. అక్కడ తీరూ లేదు, ఏమీ లేదు. కాన్వెంటులో నేర్చుకున్న ఇంగ్లీషును మిసెస్ హార్ట్లీ వారం రోజులు ఇస్త్రీ చేసింది, అంతే. కానీ ఆ అబద్ధంతో నాకు స్టాఫ్ టేబులు దగ్గర టీ కప్పు దొరికింది. ఒకసారి దొరికాక వదల్లేకపోయాను. అందరి నోటా "మన సత్య, కిరాణిగారి అమ్మాయి". ఆరు నెలల ట్రయలు మీద ఉన్న ఉద్యోగం. ఒక్క మాటతో పోతుందని భయం. నిజంగా పోయేదో లేదో ఇప్పటికీ తెలియదు. భయం మాత్రం నిజమే.

హుటాన్ మెలింటాంగ్ నుంచి ఫోన్

అయిదో నెలలో ఒక పొద్దున దూరపు ఊళ్ళ ట్రంకు లైను దీపం వెలిగింది. ఎక్స్‌ఛేంజి అమ్మాయి "హుటాన్ మెలింటాంగ్ నుంచి" అంది. నా వెనకాల మిసెస్ హార్ట్లీ నిలబడి ఉంది, నెలకొకసారి నా పని పరీక్ష చేసే రోజు. ఆమె పక్కన చీఫ్ క్లర్కు, చేతిలో ఫైలు.

"అలో... సత్తెమ్మా? నానే, అయ్యని."

వెనకాల చైనా అంగడి రేడియో మోగుతోంది. అంగడి దాకా ఎనిమిది మైళ్ళు సైకిలు తొక్కుకుని వచ్చి ఉంటాడు.

నేను ఇంగ్లీషులో, మిసెస్ హార్ట్లీ నేర్పిన గొంతుతో అన్నాను: "గుడ్ మార్నింగ్. హూ డు యు విష్ టు స్పీక్ టు, ప్లీజ్?"

కాసేపు రేడియో ఒక్కటే వినిపించింది. తరువాత ఆయనకు వచ్చిన రెండు ఇంగ్లీషు ముక్కలూ వాడాడు.

"సారీ, మేడమ్."

ఫోన్ పెట్టేశాడు.

"రాంగ్ నంబరు" అన్నాను, ఎవరూ అడగకుండానే.

మిసెస్ హార్ట్లీ నా భుజం తట్టింది. "బాగుంది సత్యా. ఎక్కడి పిల్లవో గొంతులో ఆనవాలే లేదు. నువ్వు ఇక్కడ నిలబడతావు."

నా జీవితంలో నేను విన్న పెద్ద మెచ్చుకోలు అది.

తరువాత అమ్మ చెప్పింది. కౌలాలంపూర్‌ను మేం కేఎల్ అంటాం. "శనివారం తోట లారీ కేఎల్ ఎల్తంది, మీ అయ్య నీ ఆపీసు సూద్దామని తెల్ల సొక్కా ఉతికించినాడు. నీకు ఫోను సేసి సెప్పొస్తానని ఎల్లినాడు. ఒచ్చి, మరి ఒద్దులే అన్నాడు. ఏటయిందే?"

"ఏమో అమ్మా, నాకు ఫోను రాలేదు" అన్నాను. అది రెండో అబద్ధం.

అయ్య ఆ సంగతి ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. అవతల ఉన్నది ఎవరో తెల్ల మేడమ్ అనుకుని పెట్టేశాడేమో అని కొన్ని రోజులు నమ్మేదాన్ని. తెలిసే పెట్టేశాడు అని కొన్ని రోజులు.

మిసెస్ హార్ట్లీ వెళ్ళిపోయిన రోజు

ఒక్కొక్క తెల్లదొరా పెట్టె సర్దుకుని వెళ్ళిపోతున్న ఏళ్ళు అవి. మిసెస్ హార్ట్లీ వంతు వచ్చింది. చివరి రోజు ఇంగ్లండులో ఉన్న చెల్లెలికి ఫోన్ కలపమంది. కలిపాక, లైను తెగలేదు కదా అని ఒక్క క్షణం విని తప్పుకోవాలి, అది మా నియమం. ఆ రోజు నేను తప్పుకోలేదు. అది తప్పే, నువ్వు అలా చేయకు.

చెల్లెలితో మాట్లాడింది మిసెస్ హార్ట్లీ కాదు. గొంతు వేరు, మాట వేరు, సగం అక్షరాలు మింగేసి, పకపకా నవ్వుతూ, మా లైన్ ఇళ్ళ బావి దగ్గర ఆడవాళ్ళలా మాట్లాడింది. వాళ్ళమ్మ కూలికి మెట్లు కడిగిన ఇల్లు పడగొట్టేశారా అని అడిగింది.

తరువాత నా దగ్గరికి వచ్చింది. నా ముఖం చూసి ఆమెకు అర్థమైపోయింది. కోప్పడుతుందనుకున్నాను.

"ఇంటికి వెళ్తున్నాను సత్యా. ఏ గొంతుతో వెళ్ళాలో తెలియడం లేదు" అంది.

ఆమె చెడ్డ మనిషి అని నేను ఎప్పుడూ అనను. తనకు తాను ఏం చేసుకుందో నాకు అదే నేర్పింది. అంతకన్నా ఆమెకు ఏం తెలుసు?

తెల్లవాళ్ళు వెళ్ళిపోయాక ఆ జాబితా చింపేస్తారనుకున్నాను. చింపలేదు. కొత్తగా టైపు చేయించారు. పేర్లన్నీ మారాయి, వరస మారలేదు. మన దొరలు, మన దొరసానులు, అదే "ముందు వాణ్ణి పెట్టు". ఇంగ్లీషువాళ్ళ మెట్ల గురించి నవ్వేవాళ్ళను చాలామందిని చూశాను. ఆ మెట్లు మన ఇంట్లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టినవాళ్ళు తక్కువ. నేనూ లెక్కపెట్టలేదు, అయ్య ఆఫీసుకు వచ్చేదాకా.

అయ్య ఆఫీసుకు వచ్చాడు

నలభై ఏళ్ళు పీచు వలిచి అయ్య రిటైరయ్యాడు. రిటైరైతే లైన్ ఇల్లు ఖాళీ చేయాలి. టౌన్లో కట్టుకుంటున్న చిన్న ఇంటికి ఇంకా పైకప్పు పడలేదు, వానలు మొదలయ్యాయి. అమ్మకు ఉబ్బసం. నెలాఖరుకు వెళ్ళిపొమ్మని మేనేజరు చీటీ పంపాడు. ఈ మేనేజరు తెల్లవాడు కాదు, మన దేశంవాడే. అయ్య రెండు నెలల గడువు అడుగుదామని మూడుసార్లు వెళ్ళాడు. మూడుసార్లూ కిరాణి గుమ్మంలోనే ఆపేశాడు. "దొరకి టైము లేదు."

"కేఎల్ రా అయ్యా" అని కబురు పంపాను. ఏం చేస్తానో నాకే తెలియదు.

తెల్ల చొక్కా వేసుకుని బస్సు దిగి వచ్చాడు. ఎంతసేపటికీ రాలేదని చూస్తే, ఆఫీసు వెనకాల, లారీలు సరుకు దించే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. చేతిలో చెప్పులు.

"ఇక్కడ నిలబడ్డావేటి అయ్యా?"

"మరెక్కడే? ఇదే కదా దారి."

"కాదు. చెప్పులు వేసుకో."

చెయ్యి పట్టుకుని చుట్టూ తిప్పి ముందు గుమ్మంలోంచి తీసుకొచ్చాను. పాలరాతి నేల మీద ఆయన మెల్లగా, జారిపోతానేమో అన్నట్టు నడిచాడు. ఎదురుగా చీఫ్ క్లర్కు, తలంతా నెరిసింది.

"ఎవరమ్మా ఈయన?"

"మా అయ్య, సార్. కొబ్బరి పీచు వలిచేవాడు."

కళ్ళజోడు సర్దుకున్నాడు. "కిరాణి అన్నావు కదా?"

"అన్నాను సార్. అబద్ధం."

పదమూడేళ్ళు మోసిన మాట, చెప్పడానికి ఒక్క నిమిషం పట్టలేదు. ఉద్యోగం పోలేదు, పైకప్పు కూలలేదు. చీఫ్ క్లర్కు "టీ తాగుతారేమో అడుగు" అని వెళ్ళిపోయాడు.

అయ్యను బోర్డు దగ్గర నా కుర్చీలో కూర్చోబెట్టాను. తోటకు ఫోన్ కలిపాను. కిరాణి ఎత్తాడు.

"హెడ్డాఫీసు. మేనేజరుగారిని లైన్లోకి రమ్మనండి" అన్నాను, మిసెస్ హార్ట్లీ గొంతుతో. ఆ గొంతు ఆ రోజు పనికొచ్చింది.

పరుగు వినిపించింది. ఆ తరువాత మేనేజరు ఊపిరి. పెద్దవాళ్ళు వస్తారని కనిపెట్టుకుని ఉన్నాడు. నేను తొందరపడలేదు. నిదానంగా అయ్య చెవికి రిసీవరు పెట్టి మీట ఎత్తాను.

"గుడ్ మార్నింగ్, సర్!" అన్నాడు మేనేజరు.

అయ్య గబుక్కున లేచి నిలబడ్డాడు. నేను భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టాను. మళ్ళీ లేవబోయాడు. మళ్ళీ నొక్కాను. అప్పుడు కూర్చునే మాట్లాడాడు, మలాయి భాషలో, మెల్లగా, ఒక్క మాట తడబడకుండా. సారు కాదు దొరా, నేను పీచు వలిచే అప్పన్నను. ఇంటికి పైకప్పు లేదు. ఆడమనిషికి ఉబ్బసం. రెండు నెలలు ఆగండి, ఇల్లు కడిగి తాళం ఇస్తాను.

హెడ్డాఫీసు లైను, ఎవరు వింటున్నారో మేనేజరుకు తెలియదు. ఎవరు వింటున్నారో తెలియనప్పుడు మనుషులు ఎంత మర్యాదగా ఉంటారో బోర్డు మీద పనిచేసిన నాకు తెలుసు.

"సరే, అప్పన్నా. రెండు నెలలు" అన్నాడు.

మరునాడు మేనేజరు ఫిర్యాదు చేశాడు. మా కొత్త బాసు పిలిచి అరిచాడు. "వరస తప్పావు!" "సార్, జాబితాలో మా అయ్య పేరు లేదు. లేనివాళ్ళు ముందు రావాలో వెనక రావాలో రాయలేదు" అన్నాను. హెచ్చరిక కాగితం ఇచ్చాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది, సర్టిఫికెట్లతోపాటు దాచాను. మళ్ళీ అలా ఎప్పుడూ చేయలేదు. ఒకసారి చాలు.

కానీ అసలు సంగతి ఆ రోజు టీ తాగుతున్నప్పుడు జరిగింది. అయ్య సాసరులో టీ పోసుకుని ఊదుకుంటూ, బోర్డు వైపు చూస్తూ అడిగాడు.

"ఆ రోజు నాను ఫోను సేసినప్పుడు నీ ఎనకాల ఎవులున్నారే?"

అయితే ఆయనకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు.

"మేడమ్ ఉంది అయ్యా. చీఫ్ క్లర్కు ఉన్నాడు."

"అనుకున్నాను లాహ్" అన్నాడు. టీ మొత్తం తాగి సాసరు కింద పెట్టాడు. "సైకిలు కడ్డీ మీద నువ్వు పిలిసినావు, గురుతుందా? నాను పలకనేదు. అక్కడే నేర్సుకున్నావు నువ్వు. నీ తప్పు కాదే."

ఇంకేమీ అనలేదు. లేచి, చొక్కా సర్దుకుని, ముందు గుమ్మం వైపే నడిచాడు.

చాలు, ఇక్కడ ఆపు హేమా. కళ్ళు తుడుచుకుని ఇది ఒక్కటి రాసుకో. వచ్చే సోమవారం పదకొండింటికి నీ ఆఫీసుకు నేను ఫోన్ చేస్తాను. నీ వెనకాల ఎవరైనా నిలబడి ఉంటారు, ఉండనీ. తెల్లవాళ్ళతో ఎమ్మాగా ఎంత బాగా మాట్లాడతావో మాట్లాడు. నేను హలో అనగానే మాత్రం, అందరికీ వినిపించేలా, "మామ్మా" అను.